సీబా చేతిలోని లెక్క: కుటుంబ వ్యాపారములలో లెక్కలు వ్రాయువారి బాధ్యత

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 9వ అధ్యాయము, 16:1–4, 19:24–30, ఎజ్రా 8:24–34, లూకా 12:13–15.



గృహనిర్వాహకుని గూర్చి పాఠము చెప్పవలెననగానే మనలో చాలమంది లూకా 16వ అధ్యాయమునకే పోవుదురు. యజమానుని బాకీదారులను పిలిపించి నూరు మణుగుల నూనెను ఏబదిగాను, నూరు తూముల గోధుమలను ఎనుబదిగాను పత్రములు మార్పించిన ఆ మనుష్యుని మనమందరము ఎరుగుదుము. ఈ నెల అంతగా చదువబడని మరియొక నిర్వాహకుని చూతము. వాని పేరు సీబా. వాని సంగతి సమూయేలు రెండవ గ్రంథములో మూడు చోట్ల విడివిడిగా నున్నది గనుక, వారమునకొక అధ్యాయము చదువుకొనువారికి అదంతయు ఒకే సంగతియని తోచదు. మూడు భాగములను ఒకే పూటలో చదువుడి.

సౌలును యోనాతానును యుద్ధములో మరణించిన వార్త వచ్చినప్పుడు యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్లవాడు. దాది వానిని ఎత్తుకొని పరుగెత్తగా వాడు క్రిందపడి రెండు కాళ్లు కుంటివైనవి. తరువాత దావీదు యోనాతాను స్నేహమును జ్ఞాపకము చేసికొని సౌలు భూమియంతటిని వానికి మరల ఇప్పించెను. అయితే కాళ్లులేనివాడు పొలముమీదికి పోలేడు; వాడు యెరూషలేములో రాజు బల్లయొద్ద భోజనము చేయుచుండెను. దున్నుట, కోయుట, పంట ఇల్లు చేర్చుట, అంతయు సౌలు ఇంటి సేవకుడైన సీబాకు అప్పగింపబడెను. వానికి 15 మంది కుమారులును 20 మంది దాసులును ఉండిరి. మన మాటలలో చెప్పినయెడల భూమి మెఫీబోషెతుది, లెక్క సీబాది.

కొంతకాలమునకు రాజు ఇంటిలోనే కలహము పుట్టెను. అబ్షాలోము తిరుగబడగా దావీదు ఒలీవ కొండ ఎక్కి పారిపోవుచుండెను. అప్పుడు సీబా గంతలు కట్టిన రెండు గాడిదలను, 200 రొట్టెలను, 100 ఎండుద్రాక్ష గెలలను, 100 వేసవి పండ్లను, ఒక తిత్తి ద్రాక్షారసమును తీసికొని రాజునకు ఎదురుగా వచ్చెను. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసికొనవలెను. ఈ రొట్టెలు, ఈ పండ్లు ఎవరివి? 9వ అధ్యాయము 10వ వచనము చూడుడి. ఆ భూమి పంట యజమానుని కుమారుని ఆహారము కొరకని రాజే చెప్పియుండెను. సీబా రాజునకు ఇచ్చిన బహుమానము బహుశః యజమానుని గాదెలోనిదే. దానివలన కలిగిన దయ మాత్రము సీబాకు వచ్చెను. వాడు దానిని ఏ పద్దు క్రింద వ్రాసికొనెనో!

నీ యజమానుడు ఎక్కడనున్నాడని రాజు అడిగెను. తన తాత రాజ్యము తనకు తిరిగి వచ్చునని ఆశపడి వాడు యెరూషలేములోనే నిలిచిపోయెనని సీబా చెప్పెను. దావీదు ఆ క్షణముననే మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాదని తీర్పు చెప్పెను. ఒక ప్రక్క మాట విని, రెండవ ప్రక్కవాడు ఎదుట లేకుండగా, ప్రయాణపు బడలికలో చెప్పిన తీర్పు అది.

రాజు తిరిగి వచ్చునప్పుడు మెఫీబోషెతు ఎదురు వచ్చెను. రాజు వెళ్లిన దినము మొదలుకొని వాడు కాళ్లు శుభ్రము చేసికొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. తాను గాడిదకు గంత కట్టించుకొని రాజుతో రావలెననుకొంటినని, పనివాడు తనను మోసపుచ్చి తనమీద కొండెములు చెప్పెనని వాడు మొరపెట్టుకొనెను. గాడిద కావలెననినవాడు ఇంట కూర్చుండెను. గంతలు కట్టిన గాడిదలు రెండు వాడు లేకుండగనే రాజునొద్దకు పోయెను. ఎవరు అబద్ధమాడిరో గ్రంథకర్త నోటితో చెప్పడు గాని, ఈ రెండు వచనములను చదువరి ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును. దావీదు మాత్రము విచారణ చేయలేదు. ఇంక మాటలెందుకు, భూమిని మీరిద్దరు పంచుకొనుడని చెప్పి ముగించెను. మన గ్రామములలో పెద్దలు చేయునదియు ఇదే. పుస్తకము తెరచి చూచుటకు ఓపికలేనప్పుడు చెరి సగమనెదరు. పూర్తిగా తనదైనదానిలో సగము పోగొట్టుకొనినవానికి అది న్యాయముగా తోచునా?

లెక్క వ్రాయువాడు ఎవరి మనిషి?

మన సంఘములలో చదువుకొనిన యౌవనస్థులు అనేకులు నేడు రైసుమిల్లులలోను, ఎరువుల దుకాణములలోను, కోళ్లఫారములలోను లెక్కలు వ్రాయుచున్నారు. వెనుకటి చిట్టాయు ఆవర్జాయు ఇప్పుడు కంప్యూటరులోనికి పోయినవి. పని మాత్రము అదియే. కొందరు పట్టణములో చార్టర్డు అకౌంటెంట్ల యొద్ద పనిచేయుచున్నారు. జమయు ఖర్చును జంటగా వ్రాయు పద్ధతిని మొట్టమొదట అచ్చు పుస్తకములో వివరించినవాడు లూకా పాచోలీ అను ఫ్రాన్సిస్కను సన్యాసి. ఆ పుస్తకము 1494లో వెనిస్ నగరమున అచ్చయినది. సేవకులకు లెక్కలతో ఏమి పని యనువారికి ఈ మాట చెప్పుచుందును.

ఇతరుల మేలు కొరకు మనకు అప్పగింపబడిన పనిని వకీళ్లు ఆంగ్లములో ఫిడ్యూషియరీ బాధ్యత అందురు. లాటిను భాషలో విశ్వాసమును తెలుపు ఫిడెస్ అను మాటనుండి అది వచ్చినది. మనము నమ్మకపు బాధ్యత యనుకొందము. మన దేశములో 1882 నాటి ట్రస్టుల చట్టము 88వ సెక్షను దీనిని స్పష్టము చేయుచున్నది. ధర్మకర్తయైనను, భాగస్తుడైనను, ఏజెంటైనను, మరి ఏ విధముగానైనను ఇతరుల మేలు కాపాడవలసిన స్థానములో నున్నవాడు ఆ స్థానమును అడ్డము పెట్టుకొని ధనలాభము పొందినయెడల, ఆ లాభము వానిది కాదు. తాను ఎవరిని కాపాడవలసియుండెనో వారిదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 213వ సెక్షను ప్రకారము ఏజెంటు తన యజమాని అడిగినప్పుడు సరియైన లెక్క చూపవలెను.

ఇందులో ఒక భేదము కలదు. జీతమునకు చిట్టా వ్రాసి సాయంకాలము ఇంటికిపోవు గుమాస్తాయు, చెక్కు పుస్తకము చేతబట్టుకొని ధాన్యము కొని రైతులకు సొమ్ము చెల్లించు గుమాస్తాయు చట్టము ఎదుట సమానులు కారు. ఎవరి చేతికి ఎంత అప్పగింపబడినదో వారి బాధ్యత అంతటిది. అయినను తప్పు అంకె వ్రాయకుండుట ఇద్దరికిని విధియే.

ఒక కుటుంబమును ఊహించుకొందము

ఒక గ్రామములో ఒక విశ్వాసి కుటుంబమునకు రైసుమిల్లు ఉన్నదనుకొనుడి. తండ్రియు పెద్దకుమారుడును సమాన భాగస్తులు. చిన్నకుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. కుమార్తెకు వివాహమై అత్తవారింట నున్నది. తల్లి ఉన్నది, ఆమె ఎన్నడును మిల్లు గుమ్మము ఎక్కి లెక్క అడుగలేదు. తండ్రి వీలునామా లేకుండ చనిపోయెను. ఇరువది ఏండ్లుగా లెక్కలు వ్రాయుచున్న గుమాస్తా ఆ ఇంటి అరుగుమీదనే కాఫీ త్రాగి పెరిగినవాడు.

చనిపోయిన పదునొకండవ దినమునకే పెద్దకుమారుడు గుమాస్తాను లోపలి గదిలోనికి పిలుచును. నెల తిరుగకమునుపే చిన్నవాడు ఫోను చేసి, అన్న ఏమి చేయుచున్నాడో రహస్యముగా చెప్పుమనును. ఇద్దరును వానిని అన్నా యనియే పిలుతురు. వాడు అప్పుడు సీబా నిలిచిన చోటనే నిలిచియున్నాడు.

మొదట చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్టు ప్రకారము, వీలునామా లేకుండ భర్త చనిపోయి బిడ్డలున్నయెడల, మూడింట ఒక వంతు విధవరాలిది, మూడింట రెండు వంతులు బిడ్డలవి. కుమారుడని కుమార్తెయని భేదము లేదు. కట్నమిచ్చితిమి గనుక ఆమెకు లేదనుట ఆ చట్టములో ఎక్కడను లేదు. అప్పులన్నియు పోగా మిల్లు విలువ 90 లక్షలనుకొనినయెడల తండ్రి సగము 45 లక్షలు. అందులో తల్లికి 15 లక్షలు, ముగ్గురు బిడ్డలకు తలకు 10 లక్షలు. పెద్దకుమారునికి తన సగము 45 లక్షలును ఈ 10 లక్షలును కలిపి 55 లక్షలు వచ్చును. ఈ అంకెలు కాగితముమీద వ్రాసి చూపినప్పుడు చాలమందికి కోపము సగము తగ్గును. అంతయు పోవుచున్నదను భయమే కలహమునకు నూనె పోయునది. కుటుంబము రికార్డులలో హిందువులుగా వ్రాయబడియున్నయెడల ఏ చట్టము వర్తించునో వకీలును అడుగవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే వర్తించినను తల్లికిని కుమార్తెకును తండ్రి ఆస్తిలో భాగము లేకపోదు.

మాది ఉమ్మడి కుటుంబము, పెద్దవాడే కర్త అను మాట మన క్రైస్తవ గృహములలో ఇంకను వినబడుచున్నది. దీనిమీద ఒక పాత వ్యాజ్యము బళ్లారినుండి పుట్టినది. మాథ్యూ అబ్రహాము అను క్రైస్తవుడు అక్కడ వ్యాపారము చేసి ధనము సంపాదించి 1842లో చనిపోయెను. వ్యాపారము వాని తమ్ముడు ఫ్రాన్సిస్ చేతిలోనికి వచ్చెను. తరువాత వదినయైన షార్లెటునకును ఫ్రాన్సిసునకును వ్యాజ్యము నడిచెను. అవిభక్త కుటుంబపు సహోదరునిగా తనకు హక్కు కలదని ఫ్రాన్సిస్ వాదించెను. ఆ వ్యాజ్యము సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను. 1863లో చెప్పబడిన తీర్పు ఏమనగా, క్రైస్తవుడైనవానిని హిందూ ధర్మశాస్త్రపు ఉమ్మడి కుటుంబ నియమము తప్పనిసరిగా బంధింపదు. ఆ కుటుంబము ఏ ఆచారమున బ్రదికెనో చూడవలెను. మాథ్యూ విషయమున అవిభక్త కుటుంబపు వాదము నిలువలేదు. అన్న చనిపోయిన తరువాత ఇరువది యొక్క ఏండ్లకు ఆ ఇంటికి జవాబు వచ్చెను. ఆ రెండేండ్లకే 1865లో మొదటి సక్సెషను చట్టము వచ్చినది.

మిల్లు సంగతి మరల చూతము. ఇద్దరే భాగస్తులుండి ఒకరు చనిపోయినప్పుడు ఆ భాగస్వామ్యము అంతటితో రద్దగును. 1932 నాటి భాగస్వామ్య చట్టము 9వ సెక్షను ప్రకారము భాగస్తులు ఒకరియెడల ఒకరు న్యాయముగాను నమ్మకముగాను నడచుకొనవలెను. భాగస్తునికి గాని వాని వారసులకు గాని నిజమైన లెక్కను, పూర్తి సమాచారమును ఇయ్యవలెను. కాబట్టి తల్లియైనను కుమార్తెయైనను లెక్క అడుగుట పెద్దకుమారుని అవమానించుట కాదు. లెక్క తేల్చకుండ మిల్లు నడుపుచున్నయెడల, వేరొక ఒప్పందము లేనప్పుడు, 37వ సెక్షను వారసులకు రెండు దారులలో ఒకటి కోరుకొను హక్కు ఇచ్చుచున్నది: తండ్రి భాగము వాడుకొనుటవలన వచ్చిన లాభములో వంతు, లేదా ఆ భాగము విలువమీద సంవత్సరమునకు నూటికి 6 రూపాయల వడ్డీ. మన లెక్కలో 45 లక్షలమీద అది ఏటికి 2,70,000 రూపాయలు.

ఇంకొక మాట విధవరాండ్రు తప్పక ఎరిగియుండవలెను. రద్దయిన భాగస్వామ్యపు లెక్కయు లాభములో వాటాయు కోరుచు వేయవలసిన దావాకు గడువు, 1963 నాటి లిమిటేషను చట్టము ప్రకారము, రద్దయిన దినమునుండి 3 సంవత్సరములు. సంవత్సరీకము కానిమ్ము, మనుమరాలి పెండ్లి కానిమ్ము అని సిగ్గుపడి ఊరకున్న తల్లికి ఆ గడువు నిశ్శబ్దముగా దాటిపోవును. లెక్కలు వ్రాయువానికి ఈ సంగతి తెలిసియుండి, తల్లిని వచ్చే ఏడు చూతమని త్రిప్పుచుండినయెడల, వాడు ఒక్క అంకెయు మార్చకయే ఆమె భాగమును పోగొట్టినవాడగును.

మరణ దినమునాటి నిల్వ

గుమాస్తా చేయవలసిన మొదటి పని పాతిపెట్టిన వారములోనే చేయవలెను. చనిపోయిన దినమునాటికి పుస్తకము మూయవలెను. పెట్టెలోని నగదు, బ్యాంకు నిల్వ, గోదాములోని ధాన్యపు బస్తాలు, బియ్యము, నూక, తవుడు, ఖాళీ గోనెలు, రావలసిన బాకీలు, ఇయ్యవలసిన బాకీలు, అన్నియు జాబితా వ్రాసి వారసులందరి ఎదుట లెక్కించి సంతకములు చేయింపవలెను. దూరముననున్న కుమార్తె రాలేనియెడల ఆమె పంపినవారు ఉండవలెను. యోవాషు దినములలో దేవాలయపు పెట్టె నిండినప్పుడు రాజు ప్రధాన లేఖకుడును ప్రధాన యాజకుడును ఇద్దరును కలిసి లెక్కించిరి (2 రాజులు 12:10). ఈ జాబితా లేని ఇంటిలో తరువాత వచ్చు వాదములు ఎన్నటికిని తేలవు. తవుడు అమ్మిన సొమ్ము నాన్నగారి కాలముదా అన్నగారి కాలముదా యని పదేండ్లు పోట్లాడుదురు.

రెండవది సొంత వాడకము. కుటుంబ వ్యాపారములలో కలహమునకు అసలు వేరు ఇక్కడనే యున్నదని నా అభిప్రాయము. పెద్దవాని కుమార్తె పెండ్లికి మిల్లు సొమ్ము వాడుదురు. చిన్నవాని కాలేజీ ఫీజు మిల్లు సొమ్ముతోనే కట్టియుందురు. తల్లి కంటి ఆపరేషను సొమ్ము కూడ అందులోనిదే. ఇవన్నియు తప్పులు కావు. ఆ దినముననే, తీసికొనినవాని పేర, సొంత వాడకమని వ్రాసినయెడల ఎవరికిని నష్టము లేదు. పెండ్లి పందిరి ఖర్చును మిల్లు మరమ్మతుల క్రింద వ్రాసినప్పుడే అంకె అబద్ధమాడ నారంభించును. ఆ అబద్ధము మొదట పన్ను తగ్గించుకొనుటకని వచ్చును; తరువాత అదే సహోదరుని వంతు తగ్గించును. చిట్టా వ్రాయువాడు ఆ మొదటి దినముననే, అయ్యా, ఇది మీ పేర వ్రాయుదునని వినయముగా చెప్పినయెడల, ఇరువది ఏండ్ల తరువాతి వ్యాజ్యము అక్కడనే ఆగిపోవచ్చును.

పెద్దకుమారుని పక్షముగా కూడ ఒక మాట చెప్పవలెను. ఎండలో కాటాయొద్ద నిలిచి మిల్లు నడిపినవాడు అతడే. తండ్రి పోయిన తరువాత తన కష్టమునకు ప్రతిఫలము కోరినయెడల దానిని దాచి తీసికొనక, ఇంత కోరుచున్నానని వేరు పుటలో వ్రాయింపవలెను. అందరును చూచి ఒప్పుకొనుటయో కాదనుటయో చేయుదురు. యాకోబు లాబానుతో వాదించినప్పుడు (ఆదికాండము 31:36–42) ఇరువది సంవత్సరముల కష్టమును ఒక్కొక్కటిగా చెప్పెను: మృగములు చీల్చినదాని నష్టము తానే పెట్టుకొనెను, జీతము పదిమారులు మార్చబడెను. ఆ మామ అల్లుళ్ల మధ్య వ్రాసిన లెక్క ఏదియు మనకు కనబడదు. లాబాను కుమారులు తమ తండ్రి సొత్తంతయు యాకోబు తీసికొనెనని చెప్పుకొనుచుండిరి. కాదని చూపుటకు యాకోబునకు తన నోటిమాట తప్ప వేరేమియు లేదు.

ఇక ఇరుపక్షములవారును పిలిచినప్పుడు లెక్కలు వ్రాయువాడు ఏమి చేయవలెను? ఒకరికి చూపిన కాగితమే అదే దినమున అందరికిని చూపవలెను. ఒకని గదిలో రహస్యముగా కూర్చుండకూడదు. భాగము వెల కట్టు పని తాను చేయక, ఇరువురును ఒప్పుకొనిన బయటివానిచేత చేయింపవలెను. కలహములో చౌకగా అమ్ముడుపోవు భాగమును తానుగాని తన బావమరిది పేరగాని కొనకూడదు. 88వ సెక్షను చూచునది ఇటువంటి లాభమునే. కంప్యూటరు సంకేతపదము ఒక్కనియొద్దనే యుండి, బ్యాంకు పంపు ఓటీపీ ఒక్కని ఫోనుకే పోవుచున్నయెడల అది కూడ సీబా భూమివంటిదే. పాత లెక్కల ప్రతిని వేరుగా భద్రపరచి, ఎక్కడ నున్నదో అందరికిని చెప్పవలెను. కంపెనీల విషయమున 2023 ఏప్రిల్ 1 మొదలుకొని లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి మార్పును తేదీతో నమోదు చేయవలెనను నియమము కలదు. చిన్న భాగస్వామ్యములకు ఆ నియమము లేదు గనుక అక్కడ మనుష్యుని నమ్మకమే కాపలా.

రహస్యము దాచుటయు నిజము దాచుటయు వేరు. కుటుంబపు అంకెలను సంతలోను, ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్లమీదను చెప్పువాడు ద్రోహియే. చార్టర్డు అకౌంటెంట్ల 1949 నాటి చట్టము, కక్షిదారుని అనుమతి లేక చట్టపు ఆజ్ఞ లేక వాని సంగతులు ఇతరులకు చెప్పుటను దుష్ప్రవర్తనగా ఎంచుచున్నది. అయితే అదే చట్టము, తనకు తెలిసిన ముఖ్య సంగతిని లెక్కలలో వెల్లడి చేయకుండుటను కూడ దుష్ప్రవర్తన క్రిందనే ఉంచినది. కుమార్తె భర్త వచ్చి అడిగినప్పుడు, అయ్యా, నేను మీకు చెప్పకూడదు, అయితే అమ్మగారికి లెక్క చూపవలసినదని మీ బావగారితో చెప్పెదనని జవాబిచ్చుట మంచి మార్గము. అట్లు చెప్పిన తరువాత చెప్పియు తీరవలెను.

పాత పుట చింపి క్రొత్త పుట వ్రాయుమని ఒత్తిడి వచ్చినయెడల ఏమి చేయవలెను? మోసపు తలంపుతో లెక్కలు మార్చు గుమాస్తాకు ఏడు సంవత్సరములవరకు శిక్ష పడవచ్చును. ఇది వెనుక శిక్షాస్మృతిలో 477ఎ సెక్షనుగా నుండెను, 2024 జూలై 1 మొదలుకొని భారతీయ న్యాయ సంహితలో 344వ సెక్షనుగా నున్నది. యజమాని చెప్పెను గనుక వ్రాసితిననుట వానిని విడిపింపదు. అయితే శిక్ష భయముకంటె కష్టమైనది వేరొకటి కలదు. గుమాస్తాకు జీతము పెద్దకుమారుని చేతినుండి వచ్చుచున్నది. పిల్లల ఫీజు ఆ జీతముమీదనే యున్నది. ఏబది ఏండ్ల వయస్సున వేరొక మిల్లు వానిని పిలుచునా? సంఘము ఈ సంగతి ఆలోచింపక, నమ్మకముగా నుండుమని ప్రసంగపీఠమునుండి చెప్పి ఊరకుండుట సుళువు. నిజము వ్రాసినందుకు పని పోయిన సహోదరుని ఇంటిలో బియ్యమున్నవా లేవా యని చూచుట సంఘ పెద్దల పని.

విడిచిపోవలసి వచ్చినయెడల ఎజ్రావలె విడిచిపోవలెను. 8వ అధ్యాయములో అతడు 12 మంది యాజకులను ఏర్పరచి, 650 తలాంతుల వెండిని, 100 తలాంతుల బంగారమును, పాత్రలను తూచి వారికి అప్పగించెను. యెరూషలేము చేరిన నాలుగవ దినమున మరల తూచి, బరువంతయు వ్రాసిరి. బయలుదేరినప్పుడు ఒక తూకము, చేరినప్పుడు ఒక తూకము. పుస్తకములు, బిల్లులు, బ్యాంకు కాగితములు, తాళపుచెవులు, ఇవన్నియు జాబితాతో అప్పగించి, తీసికొనినవారి సంతకము పొంది, ఆ జాబితా ప్రతులను వారసులందరికి పంపి పోవలెను. కోపముతో పుస్తకములను ఇంటికి మోసికొనిపోవుట సరికాదు.

సంఘము చేయవలసినది

ఒకడు ప్రభువునొద్దకు వచ్చి, తనకు పిత్రార్జితములో పాలుపంచిపెట్టునట్లు తన సహోదరునితో చెప్పుమని కోరినప్పుడు, ఆయన తాను పంచిపెట్టువాడను కానని తెలియజేసి లోభమును గూర్చి హెచ్చరించెను. నేడు కాగితముల సంచులతో పాస్టరు ఇంటికి వచ్చువారు ఈ భాగము చదువుకొనవలెను. పాస్టరు తూనికకాడు కాడు. మేము ప్రార్థన చేయుదుము, ఉభయులను కూర్చుండబెట్టుదుము. అంకె తేల్చుట లెక్క తెలిసినవాని పని.

1 కొరింథీ 6వ అధ్యాయమును చూపి, విశ్వాసులు కోర్టుకెక్కరాదని మన పెద్దలు విధవరాలిని ఆపుదురు. ఆ అధ్యాయములో పౌలు మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడును లేడా యని కూడ అడిగియున్నాడు; ఆ తరువాత, సహోదరులకే అన్యాయము చేయుచున్నారని గద్దించెను. కోర్టుకు పోవద్దని తల్లితో చెప్పు పెద్ద ముందు పెద్దకుమారుని ఇంటికిపోయి పుస్తకము తెరువుమని చెప్పవలెను. పుస్తకము తెరువబడనియెడల ఆమెను ఆపుటకు అతనికి అధికారము లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులముల తెగల వారికిని ఉచితముగా వకీలు సహాయము దొరకును. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకొనవచ్చును. మూడేండ్ల గడువు సంగతియు అక్కడ మొదటనే చెప్పవలెను.

ఈ పాఠమును గృహకూటములలో చదువుకొనునప్పుడు ఈ క్రింది సంగతులను మాటలాడుకొనుడి. దావీదు ఆ కొండమీద తీర్పు చెప్పకమునుపు సీబాను ఏమేమి అడుగవలసియుండెను? మీ ఇంటి వ్యాపారములోగాని పొలము లెక్కలోగాని, లెక్క అడుగుటకు కాళ్లు లేనివారు ఎవరు? వారికి ఆ పుస్తకమును చదివి వినిపించినవారు ఎవరైన ఉన్నారా? ఉన్నయెడల, కడపటిసారి ఎప్పుడు?